హెడ్మాస్టారి కోసం కొన్న ఫోను

నా పది వేళ్ళ కొసలూ నున్నగా ఉంటాయి. మాది ఆత్రేయపురం. ఏడో తరగతి నుంచి ఉద్యోగం వచ్చేదాకా మా అమ్మ పక్కన కూర్చుని పూతరేకులు తీశాను. పొయ్యి మీద బోర్లించిన కుండ, పలచటి పిండిలో ముంచిన గుడ్డ, ఆ గుడ్డ కుండ మీద పరిచి లాగగానే కాగితంలా లేచే రేకు. దాన్ని వేళ్ళతోనే తియ్యాలి. తీసి తీసి వేలిముద్రలు అరిగిపోయాయి. టీచరుగా చేరాక చాలా ఏళ్ళు ఆ సంగతి నాకే గుర్తులేదు. గుర్తు చేసింది మా హెడ్మాస్టారు.

రామచంద్రపురానికి కాస్త దూరంలో ఉన్న పల్లెటూరి హైస్కూలు మాది. వేలిముద్రతో హాజరు వేసే మిషను వచ్చినప్పుడు అందరి వేళ్ళనీ తీసుకుంది, నావి తప్ప. కడుక్కున్నా, తుడుచుకున్నా, కొబ్బరినూనె రాసుకున్నా ఎర్రలైటే. అలాంటప్పుడు హెడ్మాస్టారు తన పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళి నేను వచ్చినట్టు నమోదు చెయ్యవచ్చు. మొదట్లో చేసేవారు కూడా.

ఆయనకి ఊరి చివర చేపల చెరువు ఉంది. తొమ్మిదింటికి బడికొచ్చి వేలు పెట్టేవారు. పావుగంటలో బండెక్కి చెరువుకి పోయేవారు. నాలుగింటికి వచ్చి మళ్ళీ వేలు పెట్టేవారు. ఆయన వేలు ఒక్క రోజు కూడా బడి మానలేదు. ఆయన చెప్పాల్సిన పదో తరగతి లెక్కల పీరియడ్లలో పిల్లలు గోడలు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు నేనే వెళ్ళి అడిగాను.

"మాస్టారూ, పిల్లలకి పరీక్షలు దగ్గరికొస్తున్నాయండి. లెక్కలు సగం కూడా అవలేదంట."

"మీ తెలుగు మీరు చూసుకోండి మేడమ్" అన్నారు, తల ఎత్తకుండానే.

మర్నాటి నుంచి నేను వచ్చినట్టు నమోదు చెయ్యడం మానేశారు.

ఆ నెలాఖరు స్టాఫ్ మీటింగులో, కొత్తగా చేరిన ఇద్దరు టీచర్లు కూడా ఉండగా, నన్ను లేచి చెయ్యి చూపించమన్నారు. ఎందుకో అర్థంకాకపోయినా చూపించాను.

"చూశారా అండీ, ఆత్రేయపురం కదా, పూతరేకులు తీసి తీసి వేళ్ళు అరగదీసుకున్నారు. కళ్ళకి కనిపిస్తున్నారు గానీ గవర్నమెంటు లెక్కలో ఈవిడ లేరు."

అందరూ నవ్వారు. నాతో రోజూ అన్నం క్యారేజీ విప్పుకునే ఆవిడ కూడా నవ్వింది.

"మీరు వెయ్యొచ్చు కదండీ" అన్నాను.

"మిషను లేదంటుంటే ఉన్నారని నేనెలా వేస్తానండీ? అబద్ధం ఆడమంటారా?"

పదకొండు రోజులు గైర్హాజరు పడింది. ఆ రోజులకి సంజాయిషీ ఇమ్మని పైనుంచి నోటీసు వచ్చింది. ఆదివారం ఆత్రేయపురం వెళ్ళి అమ్మకి చెప్పాను. తను చేస్తున్న పని ఆపి, రెండు చేతులూ ఒళ్ళో పరుచుకుని కాసేపు చూసుకుంది.

"నా మూలానే కదమ్మా" అంది.

అప్పటిదాకా నాకున్నది సిగ్గు. ఆ మాట విన్నాక మాత్రం ఆ మనిషిని ఊరికే వదలకూడదనుకున్నాను. ఎలాగో తెలియదు. తిరుగు బస్సులో కళ్ళు మూసుకుంటే ఆయన నవ్వే కనిపించింది.

నా పాత ఫోను కూడా నన్ను లెక్కచేసేది కాదు. ఒక్కో అక్షరానికి రెండు మూడుసార్లు నొక్కాలి. విసుగొచ్చి వేలి కణుపుతో పొడిచేదాన్ని. సంజాయిషీ రాసి పంపాలన్నా అది కావాలి కాబట్టి మరుసటి ఆదివారం రాజమండ్రి వెళ్ళాను. షాపులో ఫోన్లు అమ్మే అమ్మాయి, నెలలు నిండుతున్న మనిషి, స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఎలాంటిది చూడాలండీ?"

"నా వేలిని గుర్తుపట్టేది కావాలమ్మా."

తను నవ్వలేదు. నా చెయ్యి అందుకుని వేళ్ళు తడిమి చూసింది. తర్వాత లోపలి అర నుంచి ఒక ఫోను తీసింది. వీపు నీలి వంకాయ రంగులో, ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. అంచులు అరచేతికి ఒరుసుకోకుండా వంపు తిరిగి ఉన్నాయి. వెనక మూడు కెమెరా కళ్ళు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి. చూడ్డానికి పలచన, చేతికి మాత్రం బరువు.

"చేతికి తొడుగులు వేసుకున్నా పనిచేసే సెట్టింగు ఉందండి ఇందులో" అని ఏదో నొక్కి ఇచ్చింది. వేలు ఆనించాను. తెర కదిలింది. ఒక్కసారికే. పైకి తోస్తే పైకి, పక్కకి తోస్తే పక్కకి, నీళ్ళ మీద ఆకులా జారింది. తాళం తియ్యడానికి కూడా వేలు అక్కర్లేదని, ముఖం చూపిస్తే చాలని చెప్పింది. చూపించాను. తెరుచుకుంది. షాపులో నిలబడి ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను.

"జూమ్ చూస్తారా అండీ?" అని గుమ్మం దాకా తీసుకెళ్ళింది. రోడ్డుకి అవతల మందులషాపు మీదికి తిప్పి, తెర మీద రెండు వేళ్ళూ విప్పమంది. విప్పాను. అక్కడ కూర్చున్నాయన చొక్కా గుండీలు లెక్కపెట్టగలిగాను.

"తారీకు, టైము, ఊరి పేరు ఫోటో మీదే పడేలా పెట్టమంటారా?"

ఆ క్షణంలో నాకు మా బడి మేడ మీది వరండా కనిపించింది. అక్కడి నుంచి వరిచేల మీదుగా చూస్తే చెరువు గట్టు చుక్కలా ఆనుతుంది.

"పెట్టమ్మా" అన్నాను. "వానలో తడిస్తే?"

"ఏం కాదండి."

వేసవి సెలవులయ్యి బడి తెరిచాక, తొలకరి నుంచి కార్తీకం దాకా తీశాను. ముందు నా క్లాసు, నల్లబల్ల మీద ఆనాటి పాఠం, పక్కన నేను. తర్వాత తలుపు తీసి ఉన్న హెడ్మాస్టారి గది, ఖాళీ కుర్చీ మీద తువ్వాలు. తర్వాత మేడెక్కి, పిట్టగోడకి మోచేతులు ఆనించి, పదింతల జూమ్‌లో చెరువు గట్టు. పాక కింద ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, ఇంకో కుర్చీ మీద ఆయన కాళ్ళు. ఫోటో కింద తారీకు, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. వాన కురుస్తుంటే తెర మీది చినుకులు కొంగుతో తుడిచి మరీ తీశాను. అన్నిటినీ "హాజరు" అని పేరు పెట్టి ఒకచోట దాచుకున్నాను. సాయంత్రం బస్సులో తిరగేసుకుంటూ ఉంటే ఒంట్లో అలసట పోయేది. నేను అంత శ్రద్ధగా ఏ పాఠమూ తయారుచేసుకోలేదు.

కార్తీకంలో నా సంజాయిషీ మీద విచారణకి ఒక అధికారి వచ్చారు. ఆ రోజు హెడ్మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటి నుంచీ కుర్చీ వదల్లేదు.

"మీరు ఇన్ని రోజులు బడికి రాలేదటండీ" అన్నారు అధికారి.

ఫోను బల్ల మీద పెట్టి ఆయన వైపు జరిపాను. నోటీసులోని ఆ పదకొండు రోజుల ఫోటోలు నా దగ్గర లేవు. కానీ ఆ తర్వాత మిషను నన్ను లేదన్న ప్రతి రోజూ నేను క్లాసులోనే ఉన్నానని తెర మీద ఉంది. ఆయన ఒక్కొక్కటీ జరుపుతూ పోయారు. ఖాళీ కుర్చీ దగ్గర ఆగారు. చెరువు దగ్గర ఇంకాసేపు ఆగారు.

"అదండీ, ఏదో ఆ ఒక్క రోజు..." అన్నారు హెడ్మాస్టారు.

"జరపండి సార్" అన్నాను.

ఇంకో చొక్కా, ఇంకో తారీకు, అవే కుర్చీలు. అలా ముప్పైకి పైగా. హెడ్మాస్టారి చెవుల వెనక నుంచి చెమట కారి ఇస్త్రీ కాలరు తడిసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఆ తడి ఎంతవరకూ పాకుతుందో చూస్తూ కూర్చున్నాను.

నా నోటీసు రద్దయింది. కానీ వెళ్ళేముందు అధికారి, "ఇకనుంచి కాస్త జాగ్రత్తగా ఉండండి మాస్టారూ" అని మాత్రం అని కారెక్కారు. అంతే. నన్ను అందరి ముందూ నిలబెట్టి లేదన్న మనిషికి, ఒక్క మాట.

మర్నాడు ఇంటర్వెల్‌లో ఆయనే నా క్లాసుకి వచ్చారు.

"మేడమ్, రిటైర్మెంటుకి ఏడాదిన్నరే ఉందండి. ఆ ఫోటోలు తీసేయండి. తప్పయిపోయింది" అని రెండు చేతులూ జోడించారు.

ఫోను తీసి, ఆయనకి కనిపించేలా పట్టుకుని, అన్నీ ఎంచి, డిలీట్ నొక్కాను. తెర ఖాళీ అయింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "మీ మేలు మర్చిపోనండి" అంటూ వెళ్ళారు.

తీసేసిన ఫోటోలు ఆ ఫోనులోనే ముప్పై రోజులు చెత్తబుట్టలో భద్రంగా ఉంటాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు, నాకు తెలుసు. సాయంత్రం బస్టాపులో నిలబడి అన్నిటినీ వెనక్కి తెచ్చుకుని, అర్జీతో కలిపి జిల్లా ఆఫీసుకి పంపించాను. తెలుగులో, ఒక్క అచ్చుతప్పు లేకుండా.

సంక్రాంతి సెలవులు రాకముందే ఆయన్ని సస్పెండు చేశారు. తర్వాత సముద్రం ఒడ్డున ఎక్కడో ఒక బడికి వేశారు. రెండు బస్సులు మారాలి. చెరువు ఎవరికో కౌలుకిచ్చేశారని విన్నాను. మా స్టాఫ్‌రూములో ఇప్పుడు నేను ఫోను బయటికి తీస్తే మాటలు ఆగిపోతాయి. ఆ రోజు నవ్విన ఆవిడ క్యారేజీ వేరే బల్ల మీద విప్పుకుంటోంది. నేను పిలవలేదు.

ఆత్రేయపురం వెళ్ళినప్పుడు అమ్మకి మొత్తం చెప్పాను. విచారణ దాకా నవ్వుతూ వింది. చివరిది విని వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"దణ్ణం పెట్టాక కూడానా?"

"పెట్టాక కూడా అమ్మా."

నేను ఆ పూట పప్పుచారు పోసుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.