బ్యాగు మార్చే గది, జీడితోట పాక

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నన్ను పలాస డయాలసిస్ విభాగానికి హెడ్ నర్సుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. యంత్రం మీద రక్తం శుద్ధి చేసే పని ఎలాగూ ఉండేది. దానికి తోడు ఇళ్ల తనిఖీ కూడా నాకే అప్పగించారు.

ఈ తనిఖీ ఎందుకో చెప్పాలి. కిడ్నీలు పాడైనవాళ్లలో కొందరికి పొట్టలో సన్నటి గొట్టం అమరుస్తారు. ఇంటి దగ్గరే రోజుకు నాలుగుసార్లు ఆ గొట్టం గుండా పాత నీళ్లు దించి, సంచిలోని మందునీళ్లు ఎక్కించుకోవాలి. దీన్ని మేము బ్యాగు మార్చడం అంటాం. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి తిరిగే బాధ తప్పుతుంది. కానీ మార్చే గదికి తలుపుండాలి, ఫ్యాను ఆపాలి, ఆ కాసేపు మనిషీ కోడీ లోపలికి రాకూడదు. క్రిమి చేరిందంటే గొట్టం తీసేయాల్సి రావచ్చు. అందుకని ఆపరేషనుకు ముందే నర్సు వెళ్లి గది చూసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే గొట్టం లేదు.

తాతారావు మందస వైపు ఉద్దానం రైతు. కొంత జీడి, కొంత కొబ్బరి. యంత్రం మీదికి వచ్చి ఏడాది దాటింది. ఆసుపత్రికి వచ్చిన రోజు తోటపని ఉండదు, మర్నాడు నీరసం. ఈ గొట్టం మీదే ఆశ పెట్టుకున్నాడు.

ఆ వైపు ఇళ్లు వీధి నుంచి పెరటి దాకా గది వెనక గదిగా పొడుగ్గా ఉంటాయి. పెరట్లోకి పోవాలంటే ఎవరైనా అన్ని గదుల్లోంచీ నడవాల్సిందే. చివర ఒక పక్కగదికి తలుపుంది గానీ, నిండా జీడిపిక్కల బస్తాలు, ఎలకలు. తోటలో పాక ఉందంటే వెళ్లి చూశాను. పేరుకే పాక. తుఫానుకు పడిపోయాక ఇటుకలతో మళ్లీ కట్టాడట. సిమెంటు నేల, రేకు కప్పు, గట్టి తలుపు, పక్కనే బోరు కుళాయి. కోరి కట్టించుకున్నా ఇంత మంచి గది కుదరదు. ఇదే ఖాయం చేద్దామన్నాను.

తాతారావు వద్దన్నాడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. అతనికి నీళ్లు కొలతే, కొబ్బరినీళ్లు అసలే కూడవు. ఇంట్లో భార్య దమయంతి గ్లాసు కొలిచి ఇస్తుంది కాబట్టి ఇక్కడ చాటుగా బొండాలు కొట్టుకుంటున్నాడేమోనని మంచం కింద వంగి చూశాను. ఒక్క తొక్క లేదు. నులకమంచం, సానరాయి, వరసగా నూరిన కత్తులు, అంతే. ఇక్కడేం చేస్తావంటే కత్తులు నూరతానన్నాడు. నూరినవే మళ్లీ నూరతాడని దమయంతి వెనక నుంచి అందుకుంది. ఆ తర్వాత నడుం వాల్చి, సరుగుడు తోట అవతల సముద్రం హోరు వింటాడట. జీడిపళ్ల కోసం ఉడతలు వస్తే చూస్తాడట. చెబుతున్నప్పటి ఆ ముఖాన్ని యంత్రం పక్కన నేనెన్నడూ చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త అసూయ కలిగింది. ఏ క్వార్టర్సులోనూ నాకలాంటి చోటు లేదు.

"ఏటి మావా ఈ మొండితనం? సిస్టరమ్మ సంతకం ఎట్టకపోతే మల్లీ పలాస బస్సే గదా!" అని దమయంతి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇంటినిండా జబ్బే గదే. వంటింట్లోకెల్తే నీల్ల కొలత, మంచం కాడ మందులు. అరుగు మీద కూకుంటే వొచ్చినోడల్లా ఎలాగుందని అడుగుతాడు. ఇక్కడొక్కసోటే నాను రైతుని. దీన్నొగ్గేయండి. కాదంటే మిషను మీదికే వొత్తాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదని కాగితాలు సర్దుకున్నాను. అప్పుడు దమయంతి, పిక్కల గది ఖాళీ చేసేస్తే పనికొస్తుందా అని అడిగింది. పనికొస్తుంది, మరి బస్తాలెక్కడ పెడతారన్నాను. ధర వచ్చేదాకా వాళ్లు పిక్కలు అమ్మరు.

"నా పాకలో ఎట్టుకోండి. పిక్కలకి జబ్బు లేదు గదా," అన్నాడు తాతారావు.

బస్తాలు పాకకు చేరాయి. గదిలో ఎలక కన్నాలు మూసి, సున్నం కొట్టించి కబురు పెట్టారు. మళ్లీ వెళ్లి చూసి సంతకం పెట్టాను. ఆపరేషను సవ్యంగా జరిగింది. నేను రిటైరయ్యేదాకా అతనికి ఇన్ఫెక్షన్ రాలేదు.

నెలనెలా చూడటానికి వెళ్లేదాన్ని. ఒకసారి అతను ఇంట్లో లేకపోతే పాకకే వెళ్లాను. పిక్కల బస్తాలకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పాదాలు కొంచెం ఉబ్బినట్టు కనిపించాయి. ఒంట్లో నీరు నిలుస్తోందనడానికి అది గుర్తు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. అతను లేచి, పాకకు తాళం వేసి, నా ముందు ఇంటి దాకా నడిచాడు. బ్యాగు మార్చే గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడడగండి," అన్నాడు.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న నర్సులకు ఒక నియమం చెప్పేదాన్ని. తనిఖీకి వెళ్తే, రోగి తనకోసం ఉంచుకున్న చోటు ఏదో ముందు కనుక్కోండి. అది ఎంత శుభ్రంగా ఉన్నా అడగకండి. ఇంకో గది వెతకండి.