రజియా అక్క, ఆమె ఎర్ర కారు

నిన్న మధ్యాహ్నం నేను పనిచేసే మనుబోలు బడిలో ఉండగా ఫోన్ మోగింది. మస్తాన్ అన్న.

ఎత్తాను. అవతల వాన చప్పుడు.

"రజియా పోయిందమ్మా" అన్నాడు.

"ఎక్కడికి పోయింది అన్నా?" అని అడిగాను.

ఆయన ఏడవడం మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు.

అక్కను చూడని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. నెల్లూరులో మా ఎదురిల్లు. అక్కా, మస్తాన్ అన్నా, భార్యాభర్తలిద్దరూ కార్లకు సీట్ కవర్లు కుట్టే షాపు నడిపేవాళ్ళు. మందపాటి రెక్సిన్ కూడా అక్క మిషన్ కింద మెత్తటి చీరలా జారిపోయేది. ఇంజన్ గురించి మాత్రం ఓనమాలు రావు. ఆ మాట ఆమే చెప్పుకుని నవ్వేది.

జువ్వలదిన్నె దగ్గర ఒక రొయ్యల చెరువుల ఆసామి జీపు సీట్ల కొలతలకు వెళ్ళినప్పుడు, ఆయన షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఆ కారు కనిపించింది.

రెండే డోర్లు. పొడుగాటి బానెట్. పాత స్పోర్ట్స్ కారు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట.

తెచ్చుకునే రోజు నన్నూ వెంటబెట్టుకుపోయింది. డోర్ తీసి సీటు కింద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఫ్లోర్‌లోంచి అట్లాగే దిగిపోయి కింద ఇసుకను తాకింది.

ఆసామి ముఖం అదోలా పెట్టాడు. "ఉప్పుగాలి లోపల్నించి తినేసిన బండి తల్లీ ఇది. తీసకపోతే తీసకపో. దీన్ని నమ్మి రోడ్డెక్కబాక."

అక్క నవ్వింది. "సీట్లు నేను కుడతాను. మిగతాది నేర్చుకుంటాను."

నిజంగానే నేర్చుకుంది, వాళ్ళ ఇంటి పక్క షెడ్‌లో. వీడియోలు చూసి, తప్పులు చేసి, చేతులు కాల్చుకుని. తుప్పు కోసేసి కొత్త రేకు అతికించింది. నల్ల రెక్సిన్ మీద ఎర్ర దారంతో సీట్లు కుట్టింది. అంత అందమైన కుట్టు నేను ఎక్కడా చూడలేదు.

పాత ఇంజన్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. వేరే కారుది, ఇంకాస్త పెద్దది తెచ్చి పెట్టింది. పొగ బయటికి పంపే దాని సైలెన్సర్ పైపు ఈ బండి కింద పట్టలేదు. పైపును ముక్కలు కోసి, తనే వెల్డింగ్ చేసి, అతుకుల మీద సందులు మూసే పేస్ట్ పూసి, పైన పట్టీ చుట్టింది.

మొదటి డ్రైవ్‌కి సముద్రం రోడ్డు మీదికి వెళ్ళాం. పక్క సీట్లో నేను. ఇసుక పడుతోందని అద్దాలు పైకెత్తేశాం. అక్క చిన్నపిల్లలా కేకలు పెట్టింది.

ఉన్నట్టుండి మాట తగ్గింది. బండి పక్కకు ఆపేసింది.

"తల పగిలిపోతుండాది మే."

నాకూ కడుపులో తిప్పుతోంది. దిగి గాలికి నిలబడ్డాక ఇద్దరికీ తగ్గింది.

"ఎండ దెబ్బ" అంది.

ఆ రోజు ఎండే లేదు. ఆకాశమంతా మబ్బు.

ఆ తర్వాత ఆ నొప్పి అక్కను వదల్లేదు. మస్తాన్ అన్న కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కొత్త కళ్ళజోడు వేయించాడు. అయినా అంతే.

"షెడ్‌లోకి పోతే మొదలవతాది, బయటికొస్తే పోతాది. ఈ బండికి నేనంటే కుళ్ళు మే!" అని ఒకరోజు అంది.

అందరం నవ్వాం.

కూతురు నాజ్నీన్ వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు ఆ పిల్లను ఈ కార్లోనే తీసుకురావాలని అక్క పట్టుదల. మొన్ననే ఎర్ర పెయింట్ వేసింది. అంతలో వాయుగుండం. వాన విడవలేదు.

పెయింట్ మీద జల్లు పడకుండా షెడ్ షట్టర్ పూర్తిగా దించేసింది. కింద సందులో గోనెసంచులు కుక్కింది.

"పొగ నిండిపోద్ది, సగమన్నా ఎత్తుకో" అని అన్న చెప్పాడట.

"నీళ్ళు పడితే నా పనంతా పోతాది. రెండు నిమిషాలు ఇంజన్ తిప్పి చూసి ఆపేస్తాలే" అందట.

నిన్న పొద్దున బడికి బయలుదేరుతుంటే ఆ షెడ్‌లోంచి ఇంజన్ చప్పుడు వినబడింది. అంతకుముందు ఎప్పుడూ దగ్గుతూ, ఆగుతూ తిరిగేది. నిన్న ఎక్కడా తడబడలేదు. నున్నగా, ఒకే తీరుగా.

అక్క సాధించేసింది అనుకుంటూ బస్సెక్కాను.

అన్న షాపు నుంచి భోజనానికి వచ్చేసరికి ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. పిలిస్తే పలకలేదు. షట్టర్ ఎత్తాడు.

అక్క డ్రైవర్ సీట్లో ఉంది. తల అద్దానికి ఆనించి ఉంది. ఒళ్ళో స్పానర్. బుగ్గలు ఎర్రగా ఉన్నాయట. నిద్రపోయిందనుకున్నాడు.

వానలోకి ఎత్తుకొచ్చి ముఖం తడిమితే తెలిసింది.

ఇంజన్ పొగలో ఉండే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్ అన్నారు ఆసుపత్రిలో. వాసన ఉండదు, రంగు ఉండదు. పైపు అతుకుల్లోంచి కారుతోంది. సముద్రం రోడ్డు మీద ఆ రోజు మా ఇద్దరి సీట్ల కిందినుంచి పైకి వచ్చిందీ అదే.

సాయంత్రానికి నాజ్నీన్ చేరింది. మనిషిని మింగిన బండి, తుక్కుకు వేసేయమని పెద్దవాళ్ళు అంటున్నారు.

ఆ పిల్ల నేరుగా షెడ్‌లోకి పోయి, అమ్మ కూర్చున్న సీట్లోనే కూర్చుంది. ఎర్ర కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా నిమిరింది.

"మా అమ్మ చేసింది ఇది. ఎవరూ ముట్టుకోబాకండి. ఆ పైపు నేను మారుస్తా."

వద్దనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఇది చదివేవాళ్ళలో పాత బండ్లు బాగుచేసుకునేవాళ్ళు ఉంటే ఒక్క మాట. షెడ్ తలుపులు మూసి ఇంజన్ ఆన్ చెయ్యకండి. ఊరికే తలనొప్పి వస్తుంటే కళ్ళను కాదు, బండిని అనుమానించండి. ప్లీజ్.

ఈ ఉదయం అక్కను ఖననానికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు లోపలికి పోరు కాబట్టి ఖబరస్తాన్ గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అక్కడినుంచి లోపలికి ఏమీ కనిపించలేదు.

వెళ్ళిరా రజియా అక్కా. అల్లా నీ పడకలో వెలుగు నింపాలి. హాయిగా పడుకో.