గుండీల టీచరు, మిగులు పిల్ల

మా బడిలో రెండో తరగతికీ నా మూడో తరగతికీ మధ్య ఉన్న గోడ పైదాకా లేదు. నేను కుర్చీలోంచి లేస్తే చాలు, అవతలి పిల్లల తలలన్నీ కనిపిస్తాయి. ఇక వినిపించడం గురించి చెప్పనక్కర్లేదు. అటువైపు లెక్కల పాఠం వింటూ నా పాఠం నేను మర్చిపోయిన రోజులున్నాయి. అందుకు కారణం గుండీల టీచరు.

ఆమె నాకన్నా చాలా చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. తండ్రి దర్జీ. ఆయన పోయాక కూతురికి దక్కిందల్లా ఒక పెద్ద రేకు డబ్బా నిండా గుండీలు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, జత దొరకని రంగు గుండీలు. ఇంకొకరైతే దాన్ని అటక మీద పడేసేవారు. ఈవిడ బడికి మోసుకొచ్చింది. సీసా మూతలు పోగుచేసి నేల మీద పరిచి, మూతకి మూడేసి గుండీలు వెయ్యమంటుంది. "ఎన్ని మూతలు? మూతకి ఎన్ని? మొత్తం ఎన్ని?" అదే గుణకారం. అవన్నీ కుప్ప పోసి, మళ్లీ మూతలన్నిటికీ సమానంగా పంచమంటుంది. అదే భాగాహారం. ఎక్కం అన్న మాట మాత్రం చాలా రోజుల దాకా ఎత్తదు.

ఎక్కాల మీద ఆమెకి పాత కక్ష. చిన్నప్పుడు ఎక్కాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదట. ఒకరోజు తండ్రి కుట్టు మిషను మీంచి తలెత్తకుండానే, "చొక్కాకి ఏడు గుండీలు. ఆరు చొక్కాలకి ఎన్ని కావాలే?" అని అడిగాడట. ఈవిడ తెల్లమొహం వేసింది. ఆరు ఏడులు నలభై రెండని నోటికి వచ్చు, ఆ నలభై రెండే ఈ గుండీలని ఎవరూ చెప్పలేదు. "నాన్న నవ్వేశాడక్కా. నాకు మాత్రం బళ్లో అందరూ కలిసి నన్ను మోసం చేశారనిపించింది" అంది నాతో. అప్పుడే టీచరునవుతానని పట్టు పట్టిందట.

హెడ్మాస్టరుకి ఇదంతా గిట్టదు. "ఇది బడా, గుండీల కొట్టా?" అని దెప్పేవాడు. ఆమె చెవిన వేసుకునేది కాదు. ఈ సంవత్సరం మరీ ముదిరి, పిల్లల్నే గుండీలు చేసింది. వాళ్లని వరండాలోకి తీసుకెళ్లి "నాలుగేసి!" అని కేక పెడితే, నలుగురేసి చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. ఎన్ని గుంపులో చెప్పాలి. గుంపు కుదరనివాళ్లు వరండా గోడకున్న బోర్డు పక్కకి వచ్చి నిలబడాలి. వాళ్ల పేరు మిగులు. "మిగులుని గుంపుల్లోకి తొయ్యకూడదు. పక్కన పెట్టాలి. సరేనా?" అనేది. పిల్లలు సరే అనేవారు.

ఈ ఏడాది ఆమె తరగతిలో ఇరవై అయిదు మంది. ఇద్దరేసి నిలబెట్టినా, ముగ్గురేసి, నలుగురేసి, ఆరుగురేసి నిలబెట్టినా ఒక్కరే మిగులుతారు. మిగులు పాఠానికి ఇంతకన్నా అనువైన తరగతి దొరకదని ఆమె మురిసిపోయింది. నిజమే, లెక్క ప్రకారం బాగానే ఉంది. ఆ ఒక్కరూ రోజూ ఒక్కరే కావడమే నాకు మింగుడుపడలేదు.

మధ్యలో వచ్చి చేరిన పిల్ల. తల్లి వీధి మలుపులో ఇస్త్రీ చేస్తుంది. పిల్లకి నోటి చుట్టూ, రెండు చేతుల మీదా తెల్ల మచ్చలు. బొల్లి. అది అంటుకునే జబ్బు కాదని చదువుకున్న ప్రతి వెధవకీ తెలుసు. తెలిసి కూడా ఎంతమంది ఇళ్లల్లో "దాని చెయ్యి పట్టుకోకు" అని పిల్లలకి నూరిపోశారో నాకు తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆటేమో చేతులు పట్టుకునే ఆట.

"ఆ పిల్లే ఎందుకు మిగులుతోందే రోజూ?" అని ఒకసారి అడిగాను.

"కొత్త కదా అక్కా, పరుగు తక్కువ. మిగతావాళ్లని చూశావా? లెక్కపెట్టనైనా లెక్కపెట్టరు. నేను అంకె అనడం ఆలస్యం, గుంపులు సిద్ధం" అంది. ఆ సంబరం చూసి నేను నా తరగతిలోకి వచ్చేశాను.

ఒక సోమవారం ఆ పిల్ల రాలేదు. నేను బోర్డు తుడుస్తున్నాను. అవతల "నాలుగేసి!" అని వినిపించింది. దబదబా పరుగులు. తర్వాత చప్పుడు లేదు. ఏమిటా అని వరండాలోకి తొంగి చూశాను. ఆరు గుంపులు చక్కగా నిలబడ్డాయి. బోర్డు పక్కన ఎవరూ లేరు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. అన్నిటికీ ముందు చెయ్యెత్తే రెండు జడల పిల్ల అడిగింది.

"ఆ అమ్మాయి రాలేదు కదా టీచర్. మరి ఇవాళ ఎవరు మిగలాలి?"

వీళ్లు లెక్కపెట్టకుండా గుంపులు ఎలా కట్టారో అప్పుడు తెలిసొచ్చింది గుండీల టీచరుకి. ఒక్కరే మిగులుతారని పిల్లలు ఏనాడో కనిపెట్టేశారు. ఆ ఒక్కరు ఎవరో కూడా వాళ్లే తేల్చేసుకున్నారు. పాఠం అంత బాగా వంటబట్టింది. ఆమె ఆ మచ్చలు అంటుకోవని, చెయ్యి పట్టుకుంటే ఏమీ కాదని చాలాసేపు చెప్పింది. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

సాయంత్రం బడి వదలగానే నన్ను లాక్కుపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర తల్లి దుప్పటి మీద నీళ్లు చిలకరిస్తోంది. మమ్మల్ని చూసి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది కానీ కూర్చోమనలేదు.

"రానంటోంది టీచరమ్మా. కొట్టి పంపమంటారా? రాత్రిళ్లు నిద్రలో కూడా 'నేను మిగులు, నేను మిగులు' అంటోంది. పిల్లలు అదే పేరు పెట్టారట. ఆ పేరు మీ నోట్లోంచి వచ్చిందేగా?"

"తప్పు నాదే అమ్మా. ఇక అలా జరగదు. రేపు పంపించండి."

"మచ్చలున్నాయని నలుగురూ నాలుగు మాటలు అంటారని నాకు తెలుసు. దానికి సిద్ధపడే పంపాను. టీచరే పక్కన నిలబెడుతుందని మాత్రం అనుకోలేదు" అంది తల్లి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

పిల్ల బల్ల కింద, మడతపెట్టిన బట్టల మూటల మధ్య కూర్చుని ఉంది. గుండీల టీచరు చీర నేలకి ఆనుతున్నా చూసుకోకుండా వంగి, "నా బంగారం కదూ, రేపు వస్తావు కదూ?" అంది.

పిల్ల మూటల మధ్య నుంచే అడిగింది. "టీచర్, ఇరవై అయిదు మందిని అయిదేసి పెడితే ఎవరూ మిగలరు కదా?"

"అవునమ్మా. మిగలరు. ఎలా తెలిసింది?"

"ఇక్కడ బట్టల క్లిప్పులతో పెట్టి చూశాను. మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఒక్కసారి కూడా అయిదేసి అనలేదేం?"

గుండీల టీచరు వంగినది వంగినట్టే ఉండిపోయింది. నేనే భుజం పట్టుకుని లేపాను. తల్లి ఇస్త్రీ పెట్టె తీసుకుని దుప్పటి మీద ఆనించింది. "చూద్దాం లెండి" అంది, మా వైపు చూడకుండా.

దారిలో ఆమె నాతో ఒక్కటే మాట అంది. "అయిదేసి అంటే మిగులు రాదక్కా. పాఠం చెప్పడానికి వీలుండదని అనలేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓదార్పు మాటలు చెప్పడం నాకు చాతకాదు. పక్కన నడిచానంతే.

మర్నాడు పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వరండాలో మాత్రం "అయిదేసి!" అని వినిపించింది. ఉన్నది ఇరవై నలుగురు. నాలుగు గుంపులు నిండాయి, నలుగురు మిగిలారు. వాళ్లు బోర్డు పక్కకి వెళ్లబోతే వద్దంది. ఉన్నచోటే చేతులు పట్టుకుని, ఒక మనిషి పట్టేంత సందు వదిలి నిలబడమంది. ఆ తర్వాతి రోజూ అయిదే, ఆ పై రోజూ అయిదే. హెడ్మాస్టరు వచ్చి, "నాలుగేసి పెడితే చక్కగా సరిపోతారు కదమ్మా! ఆ మాత్రం తెలియదా?" అని విసుక్కున్నాడు. నాకైతే ఆయన్ని గట్టిగా దులిపెయ్యాలనిపించింది.

నిన్న ఆ సందు పక్కన నిలబడే వంతు రెండు జడల పిల్లకి వచ్చింది. గుండీల టీచరు అలవాటుగా అడిగింది. "ఎన్ని గుంపులు?"

"నాలుగు, టీచర్."

"మిగిలింది?"

ఆ పిల్ల తన ఖాళీ చెయ్యి చూసుకుంది. "ఎవరూ మిగల్లేదు టీచర్. ఒకరు తక్కువయ్యారు" అంది.

ఇస్త్రీ బల్ల దగ్గరికి సాయంత్రం మేము మళ్లీ వెళ్లాం. వాళ్లింటి తలుపుకి తాళం వేసి ఉంది. బల్ల కూడా లేదు. ఎక్కడికి వెళ్లారో పక్కింటివాళ్లకి తెలియదట. ఈ ఉదయం కూడా గోడ అవతల ఆమె "అయిదేసి" అనే అంది.