మూడో గుండు కొలత

2006. సునామీ వచ్చి రెండో ఏడు నడుస్తోంది. పోర్ట్ బ్లెయిర్‌లో దెబ్బతిన్న జెట్టీల మరమ్మతు చూసే ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నైనా ఆ ఉద్యోగం పేరు అదే. డెలానీపూర్ నుంచి రోజూ నడిచి వెళ్లేదాన్ని.

మేం బాగుచేస్తున్న ఒక జెట్టీ పక్కన రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ మునిగి ఉంది. ఇసుక కింద కూరుకుపోయిన దాన్ని సునామీ అలలు సగం బయటపెట్టాయి. అందులో పేలని పొడవాటి ఫిరంగి గుండ్లు ఐదు కనిపించడంతో పని ఆగిపోయింది. నీళ్లు బురదగా ఉండి కెమెరాలో ఏమీ పడేది కాదు. అందుకని మా డైవర్ సింహాచలం కిందికి దిగి, వాటిని ముట్టుకోకుండా గుర్తులున్న కర్రతో కొలిచి, ప్లాస్టిక్ స్లేటు మీద అంకెలు వేసుకొచ్చేవాడు. అతను చెబుతుంటే నేను బొమ్మ గీసేదాన్ని. ఆ బొమ్మలు చూసి బాంబుల నిపుణులు అవేమిటో తేల్చాలి.

సింహాచలానిది శ్రీకాకుళం వైపు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా దీదీ అనేవాడు. ఒడ్డుకొచ్చి వణుకుతూనే, టీ కూడా తాగకుండా, మరిచిపోకముందే చెప్పేయాలని ఆత్రపడేవాడు.

ఐదింటినీ కొలిచి వచ్చిన రోజు మొదటి గుండు గురించి వివరంగా చెప్పాడు. ముందు కొనకు మూత బిగించి ఉందట, మూత మీద ఎత్తడానికి కడియం ఉందట. మిగతావాటి సంగతి అడిగాను.

"సబ్ ఏక్ జైసా దీదీ. అన్నీ అలాగే ఉన్నాయి."

నేను ఒకటి గీసి, ట్రేసింగ్ కాగితం కింద పెట్టి మిగతా నాలుగూ దించేశాను. కడియం ఉందంటే ఫ్యూజ్, అంటే గుండును పేల్చే భాగం, ఇంకా బిగించలేదని అర్థం. అలాంటివాటిని కదిలించవచ్చని నిపుణులు అన్నారు. మర్నాడు సింహాచలమే దిగి వాటికి స్లింగులు, అంటే ఎత్తే పట్టీలు, వేయాలని నిర్ణయమైంది.

ఆ మధ్యాహ్నమే బొమ్మలు ఫైల్లో పెట్టబోతూ అతని స్లేటు మరోసారి చూశాను. మూడో గుండు మిగతావాటికంటే రెండంగుళాలు పొడవు. నా బొమ్మలో మాత్రం ఐదూ ఒకటే కొలత. కాగితం మార్చి ఊరుకోవచ్చు, కానీ ఆ కొన ఎలా ఉందో నాకు తెలియదు. తెలియకుండానే దానికి కడియం గీశాను.

తిన్నగా నిపుణుల జట్టు అధికారి దగ్గరకు వెళ్లి, చూడనిది గీశానని చెప్పాను. సింహాచలాన్ని పిలిపించారు. అతను స్లేటు అందుకుని మూడో అంకె మీద వేలు పెట్టాడు.

"తప్పు దీదీది కాదు సార్. ఆ మూడోదాని కొన మీద బురద పేరుకుంది. ఆకారం తెలీలేదు. నీటి లాగుడు ఎక్కువుందని పైకొచ్చేశాను."

ఇద్దరం తప్పు నాదంటే నాదన్నాం. అధికారి తప్పు ఎవరిదని అడగలేదు, మళ్లీ దిగగలడా అని మాత్రం అడిగారు.

అతను దిగినంతసేపూ నేను జెట్టీ కమ్మీ పట్టుకుని బుడగలు చూస్తూ నిలబడ్డాను. సునామీ తర్వాత నీళ్లకు అంత దగ్గరగా నిలబడటం అదే మొదటిసారి. ఇరవై నిమిషాలకు పైకి వచ్చాడు. ముట్టుకోకుండా చేత్తో నీళ్లు విసిరి బురద చెదరగొట్టాడట. స్లేటు మీద తనే వంకరటింకరగా ఒక మొన గీసి నాకిచ్చాడు.

"కడియం లేదు దీదీ. మొనదేలి ఉంది."

అధికారి ఆ గీత చూసి, ఫ్యూజ్ బిగించే ఉందన్నారు. స్లింగుల పని ఆపించారు. నాలుగింటిని జాగ్రత్తగా తీశారు. మూడోదాన్ని కదపకుండా, పడవలన్నిటినీ దూరం పంపి, ఉన్నచోటే పేల్చారు. దూరం నుంచి చూస్తుంటే తెల్లటి నీళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచాయి. నా పక్కనున్న సింహాచలం తన అరచేతులు చూసుకున్నాడు. నేను ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. ఈసారి వెంటనే తాగాడు.

ఇప్పటికీ నా బొమ్మల్లో "మిగతావి ఇలాగే" అని రాయను. ఐదుంటే ఐదూ విడిగా గీస్తాను. ఎవరూ చూడని భాగం దగ్గర గీత ఆపేసి "చూడలేదు" అని రాస్తాను. పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ కాగితాన్ని నమ్మి కిందికి దిగే మనిషి ఒకడుంటాడు.