సముద్రం ఒడ్డున మామిడి ముక్క

మా బడి పిల్లలు అప్పటిదాకా చూసిన పెద్ద నీళ్ళంటే గోదావరే. అదీ భద్రాచలం వెళ్ళొచ్చిన నలుగురైదుగురు మాత్రమే. మా బడి ఉన్నది అశ్వారావుపేట అడవి అంచున చిన్న కోయగూడెంలో. ఐదు తరగతులకూ కలిపి ఇరవై రెండు మంది పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. వాళ్ళకు సముద్రం చూపించాలన్న పట్టుదల నాదే. కాళ్ళరిగేలా తిరిగి అనుమతి తెచ్చుకుని, మినీ బస్సు మాట్లాడి, మార్చి మొదట్లో ఒక తెల్లవారుజామున కాకినాడ బయలుదేరాం. తోడుగా బడిలో వంట చేసే ఆవిడ వచ్చింది.

సముద్రం కనపడగానే పిల్లలు గోల చేస్తారనుకున్నాను. బస్సు దిగిన చోటే నిలబడిపోయారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి, మా బడి లీడర్, చాలాసేపు చూసి, అవతలి గట్టు ఎక్కడుందని అడిగింది. లేదంటే నమ్మలేదు. కాసేపటికి అందరూ బట్టలతోనే నీళ్ళలోకి దిగారు. ఒకడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పు ఉప్పు అంటూ ఉమ్మేస్తే, నిజమో కాదో చూద్దామని మిగతావాళ్ళూ పోసుకున్నారు. ఆ రోజు నా అంత గొప్ప టీచర్ జిల్లాలో లేదనుకున్నాను. ఆ పొగరే నా కొంప ముంచింది.

ఒడ్డున ఒకామె తోపుడు బండి మీద పచ్చి మామిడికాయలు కోసి, ఉప్పూ కారం చల్లి అమ్ముతోంది. మాది వేంసూరు. మా వాళ్ళకు తాతల నాటి నుంచీ మామిడితోటలే. చిన్నప్పుడు పిందె కాస్త ముదిరిందంటే చాలు, ఉప్పు పొట్లం కట్టుకుని తోటలో పడేదాన్ని. మామిడి ముక్క వద్దనే మనుషులు ఉంటారని నాకు ఊహకైనా అందదు. పిల్లలందరికీ కొని, తలా ఒక పొట్లం పంచాను.

తీసుకున్నారు గానీ తినలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రెండో తరగతి బుడ్డది ఒకతి మెల్లగా, "పండుగ కాలే టీచర్ ఇంకా" అంది.

నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. ఆ గూడెంలో మామిడి పండుగ చేసి, తొలి కాయలు దేవతకు పెట్టేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. అప్పటికి మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నాను. పండుగ రోజు బడికి ఎవరూ రాకపోతే అందరికీ గైర్హాజరు వేసి ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. నా వరకు ఆ పండుగంటే అంతే.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇంత దూరం తీసుకొచ్చి, ఇంత ప్రేమగా కొనిపెడితే వద్దంటారా అని మండిపోయింది. "ఇక్కడ మిమ్మల్ని ఎవరు చూస్తారు? తినండి" అన్నాను. ఒక్కరూ తినలేదు. లీడర్ వైపు తిరిగి, నా మాటంటే లెక్క లేదా అని గట్టిగా అడిగాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. తర్వాత ముక్క కొరికింది. నేను ఫొటో తీశాను. నా మాట నెగ్గించుకున్నానని మురిసిపోతూ, అక్కడి నుంచే ఫోన్లో బడి గ్రూపుకు పంపాను. మిగతావాళ్ళు మాత్రం తమ ముక్కలు ఇసుకలో పూడ్చేశారని తర్వాత తెలిసింది.

తిరుగు ప్రయాణంలో పిల్లలు వెనక సీట్లలో తలలు దగ్గర పెట్టుకుని కోయ భాషలో గుసగుసలాడారు. సముద్రం కబుర్లనుకున్నాను. లీడర్ మామిడికాయ తిన్నదని ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని ఒట్లు పెట్టుకుంటున్నారట. ఆ రహస్యాన్ని నేనప్పటికే ఊరందరి ఫోన్లకూ పంపేశానని వాళ్ళకేం తెలుసు.

మర్నాడు లీడర్ బడికి రాలేదు. ఎందుకని అడిగితే వంటావిడ చెప్పింది. ముందు రోజు ఆవిడ బస్సు దగ్గర అన్నాల పనిలో ఉండిపోయి ఇదేమీ చూడలేదు. గూడెంలో పండుగ పూజ చేసేది ఆ పిల్ల నాన్నేనట. తొలి కాయల బుట్ట ఏటా తల మీద మోసేది ఆ పిల్లేనట. రోడ్డు మీద సిగ్నల్ అందిన కుర్రాళ్ళెవరో ఫొటో తెచ్చి ఆయనకు చూపించారు.

సాయంత్రం బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు నాది, నేనే బలవంతం చేశానని చెప్పడానికే వెళ్ళాను. దారంతా ఆ మాటలే అనుకుంటూ నడిచాను. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమన్నారు. ఆయన కోపంగా లేడు. కూతుర్ని పిలిచి, కోయలో ఏదో అడిగాడు. ఆ పిల్ల తల వంచుకుని, "టీచర్ వద్దన్నది నాయినా. నేనే తిన్నా" అంది.

ఆ ఇంట్లో ఎవరూ తెలుగులో మాట్లాడుకోరు. ఆ ఒక్క జవాబు తెలుగులో చెప్పింది, నాకు అర్థం కావాలని. తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను కాపాడుతోంది.

ఆయన నా వైపు చూశాడు. అనుకుంటూ వచ్చిన మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఊరు ఇక పిల్లల్ని బడికి పంపదేమోనని భయపడ్డానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అదంతా సాకు. నా పరువు కోసమే నోరు మూసుకున్నాను. "చిన్నపిల్ల, పోనివ్వండి" అన్నాను. ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ వారమే నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఆ పిల్ల పాత పేజీ ఒకటి కంటపడింది. నెల ముందు, ఇష్టమైన రోజు గురించి రాయమన్నాను. బుట్ట ఎత్తుకుని ముందు తను నడుస్తానని, డోళ్ళు తన వెనకే వస్తాయని, ఈ ఏడు బుట్ట కింద పెట్టకుండా గుడి దాకా మోస్తానని రాసింది. కింద ఎర్ర సిరాతో గుడ్ అని నా సంతకం ఉంది. చదవకుండానే పెట్టాను.

ఏప్రిల్లో పండుగ జరిగింది. మొదటిసారి వెళ్ళాను. బుట్ట ఆ పిల్ల చిన్నాన్న కూతురు మోసింది. ఈ పిల్ల ఆడవాళ్ళందరి వెనక, ఖాళీ చేతులతో నడిచింది. పూజయ్యాక వాళ్ళ నాన్న ఆకులో రెండు మామిడి ముక్కలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పక్కన కూతురు ఉంది.

"మీరు వద్దన్నా తిన్నదంట. తప్పు మా పిల్లదే టీచర్, మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు.

రెండు చేతులా ఆకు అందుకుని, ఆయన ఎదుటే తిన్నాను. నేనేమైనా చెప్తానేమోనని ఆ పిల్ల నా వైపు చూడను కూడా లేదు. చెప్పనని దానికి అప్పటికే తెలుసు.