నోరు తెరిపించిన సారు

మా లెక్కల సారు పోయారని మొన్న కారేపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆఫీసులో లేచి నడుస్తున్నాను, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను. ఆయన గురించి ఎవరికైనా చెబితే తప్ప ఈ అలజడి తగ్గేలా లేదు.

మా నాన్నది బొగ్గుబావిలో పని. లోపల పైకప్పును కడ్డీతో తట్టి, అది నిలుస్తుందో కూలుతుందో చప్పుడును బట్టి చూస్తారు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆ అలవాటు మా ఇంటికీ వచ్చింది. ఏ సంగతైనా తేల్చుకునేదాకా మేమెవరం నోరు విప్పేవాళ్ళం కాదు. బావిలో ప్రాణాలు కాపాడిన అలవాటే ఇంటర్వ్యూల్లో నా కొంప ముంచింది. ఎంసీఏ అయ్యాక వెళ్ళిన ప్రతిచోటా బోర్డు దగ్గర నిలబెట్టి ప్రోగ్రామ్ రాయమనేవారు, రాస్తూ ఆలోచిస్తున్నది పైకి చెప్పమనేవారు. నేను బిగుసుకుపోయేదాన్ని. జవాబు తెలిసీ వెనక్కి వచ్చేదాన్ని. ఇంకొక్కసారే హైదరాబాద్ పంపుతానని, ఆ తర్వాత ఊళ్ళోనే ఏదో ఒకటి చూసుకోమని నాన్న చెప్పేశాడు.

సంగతి విని సారు ఇంటికి రమ్మన్నారు. ఆయన నిలకడ లేని మనిషి. టీ కూడా నడుస్తూనే తాగి, సగం చొక్కా మీద పోసుకునేవారు. చెప్పులు వెతుక్కుంటూ కూడా పైకే మాట్లాడుకునేవారు. ట్యూషన్ చెప్పే వరండాలో ఆ రోజు నన్ను నల్లబల్ల ముందు నిలబెట్టి ఒక లెక్క ఇచ్చారు, సుద్దముక్క మాత్రం ఆయనే పట్టుకున్నారు.

"నువ్ చెప్తెనే రాస్త బిడ్డా. నువ్ ఆగితే నా చెయ్యి ఆగుతది" అన్నారు.

నేను ఆగాను. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. కదలకుండా నిలబడటం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. జాలేసి నోటికొచ్చింది చెప్పాను. అది తప్పు. ఆయన అదే రాశారు, తుడవమన్నా తుడవలేదు.

"ఎందుకు తప్పో చెప్పు, అప్పుడు తుడుస్త. మనసుల అనుకుంటె నాకెట్ల కనపడతది?"

ఆ ఎండాకాలమంతా ఇదే పని. సిగ్గుతో ఏడ్చాను. ఆయన మీద కోపం పెట్టుకుని రెండ్రోజులు వెళ్ళలేదు కూడా. ఆయనే మా వీధికొచ్చి పిలుచుకెళ్ళారు.

ఆఖరి ఇంటర్వ్యూలో సగం దాకా వెళ్ళి దారి తప్పాను. అయినా పైకే అన్నాను, నేననుకున్నది తప్పని, ఇలా రాస్తే ఈ లూప్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుందని, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతానని. ప్రశ్నలడిగే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమని చెప్పారు.

రోడ్డు పక్క కాయిన్ బాక్స్ నుంచి ముందు సారుకే ఫోన్ చేశాను. ఉద్యోగం వచ్చిందన్నాను. క్షణం మాట ఆపని మనిషి ఏమీ అనలేదు. లైను తెగిందేమోనని హలో హలో అన్నాను. అవతల ఆయన భార్య గొంతు దూరంగా వినిపించింది.

"ఏమైందండీ, ఏడుస్తున్నరేంది?"

ఆయన అప్పటికీ పలకలేదు. ఫోన్ కట్టయ్యేదాకా నేను వింటూ నిలబడ్డాను.