రిగ్రెషన్ అనే మాట, ఆమెకు రాని రేటింగ్

ఆ ఏడాది ఆమెకు రేటింగ్ తగ్గడానికి కారణం బెల్ కర్వ్ అని చెప్పాను. కారణం నేనేనని చెప్పలేదు.

హైటెక్ సిటీలోని మా ఆఫీసులో శుక్రవారం టీ అయ్యాక టీములో ఎవరో ఒకరు తమకు తెలిసిన విషయం చెప్పాలి. స్టాటిస్టిక్స్ అంటే నేనే. రిగ్రెషన్ గురించి ఎన్నోసార్లు చెప్పాను, గీత గీసి, ఫార్ములా రాసి. వినేవాళ్ళు బల్ల కింద ఫోన్లు చూసుకునేవారు.

ఒక శుక్రవారం ఆమె వంతు వచ్చింది. జగిత్యాల వైపు అమ్మాయి, టీములో అందరికన్నా జూనియర్. బోర్డు జోలికే పోలేదు.

"లాటిన్ల గ్రాదుస్ అంటే అడుగు. రె అంటే ఎనుకకు. రిగ్రెషన్ అంటే ఎనుకకు అడుగేసుడు. బాగా పొడుగున్న తండ్రి కొడుకు మామూలుగా తండ్రంత పొడుగుండడు, సగటు దిక్కు జర ఎనుకకొస్తడు. అది చూసే ఈ పేరు పెట్టిన్రు" అంది. గ్రేడు, గ్రాడ్యుయేటు, ప్రోగ్రెస్సు కూడా ఆ ఇంటి పిల్లలేనట.

ఈసారి ఫోన్లు ఎవరూ ముట్టుకోలేదు.

"అన్నా, ఇన్నేండ్లు మాకు గీతలే చూపిచ్చినవ్. ఈ ముచ్చట దాచిపెట్టుకున్నవా?" అన్నాడు పక్క సీటతను. అందరితో పాటు నేనూ నవ్వాను.

రాయదుర్గంలో మెట్రో ఎక్కగానే ఫోన్లో నిఘంటువు తెరిచాను, ఎక్కడో తప్పు చెప్పి ఉంటుందన్న ఆశతో. మియాపూర్ చేరేదాకా వెతికినా దొరకలేదు. అన్నేళ్ళు ఆ మాటను నోట్లో పెట్టుకు తిరిగింది నేను. రుచి చెప్పింది ఆమె.

అందరూ బాగా చేసినా పై రేటింగ్ కొందరికే ఇవ్వాలన్నది బెల్ కర్వ్ నియమం. మా టీముకి ఒక్కటే వచ్చింది. టీము లీడ్‌గా అది ఎవరికివ్వాలో రాసి పంపేది నేనే. మొదట ఆమెకే రాశాను. ఆ శుక్రవారం తర్వాత మార్చేశాను. ఆమె ప్రమోషన్ ఆగిపోయింది.

"నా పనిల ఏమన్న లోపముందా సార్?"

"లేదమ్మా. బెల్ కర్వ్ కదా, నా చేతుల్లో ఏముంది?"

మరుసటి ఏడాది కోకాపేటలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

మొన్న రాయదుర్గం ప్లాట్‌ఫాం మీద తనే పలకరించింది. "ఇప్పుడు నేను గూడ లీడ్ సార్. ఈసారి రేటింగులు నేనే ఇచ్చిన. ఒక పిల్ల బాగ ఏడ్చింది. మీరు నాకు చెప్పినట్టే చెప్పిన, బెల్ కర్వ్, మన చేతుల లేదని."

రైలొచ్చింది. ఎక్కలేదు.

"నీ విషయంలో అది బెల్ కర్వ్ కాదమ్మా. ముందు నీకే రాశాను. నువ్వు రిగ్రెషన్ గురించి చెబుతుంటే అందరూ విన్న తీరు చూసి ఓర్వలేక నేనే మార్చాను. నీ పనిలో ఏ లోపమూ లేదు. తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను.